తలకాయ లేని వాక్యాలు

ఆపా చనిపోయిన సంగతి నాకు ఒక తప్పు వాక్యంలో తెలిసింది.

పులివెందుల దగ్గర ఒక ఊరి సచివాలయంలో పని చేస్తాను. ఆ పొద్దు పింఛను అర్జీలు చూస్తున్నాను. ఫోను మోగితే తీసి చూసినాను. ప్రొద్దుటూరులో మేము పోటీ పరీక్షలకు చదువుకున్నప్పటి వాట్సాప్ గ్రూపు అది. అందులో ఒకతను పెట్టినాడు: "చాలాకాలంగా అనారోగ్యంతో బాధపడుతూ మనమందరం మన ఆపాను కోల్పోయాము." దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు.

నాకు ముందు కనపడింది తప్పే. బాధపడింది ఎవరు, కోల్పోయింది ఎవరు? ఆ వాక్యం ప్రకారం జబ్బు చేసింది మాకు. 'పడుతూ' అని మొదలుపెడితే చివర ఉండే పనినీ ఆ మనిషే చెయ్యాల. ఈ సంగతి నాకు నేర్పింది ఆపానే. అది గుర్తొచ్చినాక గానీ వాక్యంలోని విషయం నాకు ఎక్కలేదు.

ఎదురు కుర్చీలో ఒక ముసలామె ఆధార్ కార్డు పట్టుకుని నా ముఖంలోకి చూస్తాంది.

"ఏమైంది పాపా?" అనింది.

"ఏం లేదవ్వా," అని ఆమె అర్జీ పూర్తి చేసినాను. ఆ పొద్దు సాయంత్రం దాకా ఇంకా చాలా అర్జీలు రాసినాను. ఒక్కదాంట్లోనూ తప్పు పోలేదు. ఇంటికి పోయి అన్నం వండుకుని తిన్నాను. ఏడుపు వస్తుందేమోనని చూసినాను. రాలేదు.

ఆమె అసలు పేరు ఇక్కడ రాయను. మేమెవరమూ ఆమెను ఆ పేరుతో పిలవలేదు. ఉర్దూలో అక్కను ఆపా అంటారు. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా ఆపా అనే పిలిచేవాళ్ళు. ప్రొద్దుటూరులో బట్టల అంగళ్ళ వెనక సందులో ఇల్లు. ముందు గదిలో చీరల అంచులకు పికో కొట్టే మిషను, దాని పక్కన మంచం, మంచం మీద ఒకవైపు చీరలు, ఒకవైపు మా వ్యాసాలు. భర్త కువైట్‌లో డ్రైవరు. రెండేళ్ళకొకసారి వచ్చి నెల ఉండి పోయేవాడు. పిల్లలు లేరు. తెలుగు ఎం.ఏ. చదివింది. కొన్నేళ్ళు ఒక ప్రైవేటు బడిలో చెప్పి మానేసింది. ఎందుకు మానేసిందో ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మా కోచింగ్ సెంటరువాళ్ళు వ్యాసాల కట్ట ఆమెకు పంపేవాళ్ళు. దిద్దిన కాగితాలు చూసి అర్థం కానివాళ్ళు ఇంటికి పోయి అడగొచ్చు. ఎక్కువమంది పోయేవాళ్ళు కాదు. నేను పోయేదాన్ని.

మొదటిసారి పోయినప్పుడు అడిగినాను, "మీ ఇంట్లో ఉర్దూ కదా ఆపా, తెలుగులో తప్పులు ఇంత బాగా ఎట్ల పట్టుకుంటారు?" అని. ఇప్పుడు తలుచుకుంటే అది అడగాల్సిన మాట కాదు. ఆమె ఏమీ అనుకోలేదు.

"మీకు నోట్లో పుట్టింది. నేను నేర్చుకున్యా. నేర్చుకున్యోళ్ళకు యాడ కాలు జారుతాదో తెలుస్తాది," అనింది.

ఎర్ర పెన్ను వాడేది కాదు. పెన్సిలే. అది ఎప్పుడూ అరిగిపోయి వేలంత ఉండేది. దుపట్టా కింద చెవి మీద పెట్టుకుని దాన్నే మంచం కింద వెతికేది. ఎరుపుతో దిద్దితే పిల్లలు తప్పును చూడరు, ఎరుపును చూస్తారు అనేది. ప్రతి వాక్యాన్నీ పైకి చదివేది. భావం లేకుండా, బస్టాండులో బస్సుల పేర్లు చదివినట్టు. చుక్క దగ్గర ఆగేది. తర్వాత బొటనవేలు పెట్టి చివరి క్రియను మూసేసి మన ముఖం చూసేది.

"ఎవురు?"

అంతే. ఆ పని ఎవరు చేసినారు అని. చెప్పగలిగితే వేలు తీసి ముందుకు పోయేది. చెప్పలేకపోతే పక్కన చిన్న సున్న చుట్టేది. దానికి ఆమె పెట్టిన పేరు తలకాయ లేని వాక్యం.

నా మొదటి వ్యాసం గ్రామీణాభివృద్ధిలో యువత పాత్ర. అందులో నేను చాలా గొప్పగా ఉందనుకున్న వాక్యం ఒకటి: "గ్రామాలలో అనేక సమస్యలు ఉన్నాయి మరియు వాటిని పరిష్కరించవలసిన అవసరం ఎంతైనా ఉంది." ఆపా చదివింది. వేలు పెట్టింది.

"ఎవురు పరిష్కరించాల?"

"ప్రభుత్వం."

"యాడ రాసినావు?"

"అది అందరికీ తెలిసిందే కద ఆపా."

"అందరికీ తెలిసినోడే తప్పించుకునేది," అని సున్న చుట్టింది. తర్వాత 'మరియు' మీద అడ్డగీత గీసి, "దీన్ని పీకేస్తే యేమన్నా పడిపోతాదా చూడు," అనింది. ఏమీ పడిపోలేదు.

ఇంకో వాక్యం: "ప్రభుత్వ పథకాలు అర్హులందరికీ చేరుతుంది." ఆమె ఆగి నన్ను చూసి, "పథకాలు శానా ఉండాయి, చేరేది ఒకటేనా?" అనింది. నేను నవ్వినాను. ఆమె నవ్వలేదు. నవ్వించే మాటలు చెప్పేటప్పుడు ఆమె ముఖం కదిలేది కాదు. ఒకతను "ఎందుకనగా" అని మొదలుపెట్టి అదే వాక్యాన్ని "కాబట్టి" అని ముగించినాడు. "రెండు చెప్పులూ ఒకే కాలికి తొడిగినావప్పా," అనింది. కామాలతో పేజీ పొడవునా సాగిన వాక్యాన్ని గూడ్సు బండి అనేది. మధ్యలో నిలబెట్టి, పెట్టె పెట్టెనూ విడదీసి, ఒక్కోదానికీ చివర చుక్క పెట్టించేది.

మూడు మాటలు రాస్తే మాత్రం కాగితం తిరిగి ఇచ్చేసేది. చేయబడింది, జరిగింది, తెలిసింది. ఈ మూడింట్లో ఏదుంటే దాని వెనక ఎవరో నక్కి ఉండారని అర్థం అనేది. "తెలిసింది అంట. ఎవురికి తెలిసింది? ఎవురు చెప్తే తెలిసింది? పోయి కనుక్కోని రా, అప్పుడు దిద్దుతా."

ఒకసారి పెండ్లిమర్రి అమ్మాయి ఒకామె రాసిన వ్యాసం దిద్దుతుంటే నేను పక్కనున్నాను. నన్ను ప్రభావితం చేసిన వ్యక్తి అన్న అంశం. ఆ అమ్మాయి వాళ్ళమ్మ గురించి రాసింది. మా అమ్మ తెల్లారకముందే లేస్తుంది, బర్రెకు నీళ్ళు పెడుతుంది, నాకు జడ వేస్తుంది, అని. చివరి పేరాలో పోయిన ఏడాది అమ్మ చనిపోయింది అని రాసి, ఆ తర్వాత వాక్యంలో మళ్ళీ, మా అమ్మ నన్ను బాగా చదువుకోమని చెబుతుంది, అని ముగించింది. ఆపా పెన్సిలు కాగితం మీద ఆనించి చాలాసేపు ఉంచింది. ఏ గుర్తూ పెట్టకుండా కాగితం తిప్పేసింది.

"కాలం తప్పు కద ఆపా?" అన్నాను. నేను నేర్చుకున్నట్టు చూపించాలని.

"తప్పే," అనింది. "ఎప్పుడో ఒకనాటికి ఆ పిల్లే దిద్దుకుంటాది. నేను చెయ్యి పెట్టేది కాదు."

మాది మైలవరం డ్యాం పక్కన ఊరు. నాయన గొర్రెలు మేపుతాడు. అమ్మ చిన్నప్పుడే పోయింది. నన్ను ప్రొద్దుటూరులో హాస్టల్లో పెట్టి చదివించింది మా అన్న. జమ్మలమడుగు బయట నాపబండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని. ఇంటికి వచ్చినప్పుడు అన్నకు ఆపా మాటలన్నీ చెప్పేదాన్ని. అన్న ఏడు దాకానే చదివినాడు. కానీ ఆ 'ఎవురు' మాత్రం బాగా పట్టుకున్నాడు. నాయన దుత్తలో చూసి మజ్జిగ అయిపోయింది అంటే, అన్న మంచం మీద పండుకునే, "అయిపోయింది అంటే ఎట్ల నాయనా, ఎవురు తాగినారో చెప్పాల," అనేవాడు. తాగింది తనే. మూతికి ఇంకా మజ్జిగ ఉండేది.

నేను ఆపా దగ్గరికి పోబట్టి ఎనిమిది నెలలైనాక, ఒక మధ్యాహ్నం హాస్టలుకు ఫోను వచ్చింది. నేను జమ్మలమడుగు ఆసుపత్రికి పోయేసరికి అన్న మీద దుప్పటి కప్పి ఉంది.

బండలు కోసే మిషను కింద బురద పేరుకుంటుంది. కోసేటప్పుడు పోసే నీళ్ళూ రాతిపొడీ కలిసి. దాన్ని అప్పుడప్పుడు పారతో లాగాల. అన్న దిగి లాగుతుంటే మెడ మీది తువ్వాలు బెల్టులో చిక్కుకుంది. ఆసుపత్రి వసారాలో అన్నతో పనిచేసే ఒకాయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నేను మామా అని పిలుస్తాను. ఆయనే చెప్పినాడు.

"వాడు మోటారు ఆపుతా అన్యాడు పాపా. సూపర్‌వైజరు ఆపొద్దు, లారీ నిలబడుండాది అన్యాడు. నేను ఈ చెవులతో ఇన్యా."

స్టేషన్ నుంచి వచ్చిన కానిస్టేబులు, "చదువుకున్నోళ్ళు ఎవురన్నా ఉంటే జరిగింది రాసీయండి, మీ నాయనతో సంతకం పెట్టించండి," అన్నాడు. అందరూ నన్ను చూసినారు. చీటీలు రాసే బల్ల దగ్గర నిలబడి రాసినాను. అక్షరాలు గుండ్రంగా వచ్చినాయి. నాయన సంతకం పెట్టినాడు. కాగితం ఇచ్చే ముందు, పరీక్ష హాలు టికెట్టుకు తీసినట్టు, ఫోనుతో ఒక ఫోటో తీసుకున్నాను.

దినాలు అయినాక నాయన, "పో పాపా, పరీచ్చలు దగ్గరబడ్య," అన్నాడు. పోయినాను. హాస్టల్లో మంచం మీద కూర్చున్నాను. నా లోపల ఏమీ లేదు. సాయంత్రం అలవాటుగా ఆపా ఇంటికి నడిచినాను. ఆమెకు అప్పటికే తెలుసు. వ్యాసం ఏదీ తీసుకుపోలేదు కాబట్టి, ఆమె చేతికి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు కాబట్టి, ఫోనులో ఆ కాగితం ఫోటో తెరిచి ఇచ్చినాను. ఎందుకు ఇచ్చినానో నాకు తెలియదు.

ఆపా ఎప్పటిలాగే పైకి చదివింది. అదే గొంతుతో.

"మా అన్న మోటారు ఆపకుండా మిషన్ కింద బురద తీస్తూ బెల్టులో తువ్వాలు చిక్కుకుని చనిపోయినాడు."

బొటనవేలు క్రియ మీద పెట్టింది. వేలు తగిలి తెర మీది ఫోటో పక్కకు జరిగింది. మళ్ళీ సరిచేసి, ఈసారి వేలు పెట్టకుండా, నన్ను చూడకుండా అడిగింది.

"మోటారు ఆపనిది ఎవురు?"

నేను ఫోను తెర వైపు చూసినాను.

"నువ్వు రాసినదాని ప్రకారం."

"అన్న."

"నిజంగా?"

"అన్న ఆపుతానన్నాడు. సూపర్‌వైజరు ఆపొద్దన్నాడు."

ఆపా లేచిపోయి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను తాగినాను. సందులో ఎవరో చీర పికోకు తెచ్చి పిలిస్తే, రేపు రమ్మని పంపించింది. వాక్యంలో తప్పేంటో నాకు అప్పుడు స్పష్టంగా కనపడింది. మోటారు ఆపకుండా అన్నప్పుడు నా మనసులో ఉన్నది ఫ్యాక్టరీవాళ్ళు. కాగితం మీద ఉన్నది మా అన్న ఒక్కడే. వేరే మనిషిని నేను రాయలేదు. ఎనిమిది నెలలు దిద్దించుకున్న తప్పు అది.

ఆమె ఒక తెల్లకాగితం తీసి పెన్సిలుతో రాసింది. ఒక్కో వాక్యం రాసి నన్ను అడిగి, తర్వాతది రాసింది.

"మా అన్న మోటారు ఆపుతానన్నాడు. సూపర్‌వైజరు ఆపొద్దన్నాడు. మోటారు నడుస్తుండగా మా అన్న మిషన్ కిందికి దిగినాడు. అతని తువ్వాలు బెల్టులో చిక్కుకుంది. మా అన్న చనిపోయినాడు."

"నువ్వు చూసినావా?" అనింది.

"లేదు. మామ చెప్పినాడు."

"అట్లయితే అది గూడా రాయాల." పైన ఆ మామ పేరు రాసి, ఆయన నాతో చెప్పినాడు అని చేర్చింది. "ఇప్పుడు నిలబడుతుంది. రేప్పొద్దున పోదాం."

"మీరెందుకు ఆపా?"

"నేను నేర్పిన పిల్ల రాసింది కద," అనింది.

మరుసటి రోజు ఇద్దరమూ బస్సులో జమ్మలమడుగు పోయినాము. ఆమె బురఖా వేసుకుని గుడ్డసంచీలో కాగితం, పెన్సిలు, రబ్బరు పెట్టుకుంది. ముందు మామ ఇంటికి పోయినాము. ఆయన మంచం వాల్చి కూర్చోబెట్టినాడు. భార్య టీ పెట్టడానికి పోయింది. ఆపా కాగితం చదివి వినిపించింది. ఆయన మొదటి వాక్యం దగ్గరే తల దించుకున్నాడు.

"నేను చెప్పింది నిజమేనమ్మా. కాదనను. కానీ రేపు నేను పోయేది ఆ ఫ్యాక్టరీకే. మా తమ్ముణ్ణి గూడా మొన్ననే ఆడ పెట్టించినా. నా పేరు తీసేయండి."

"నీ పేరు తీసేస్తే ఈ వాక్యం నిలబడదప్పా," అనింది ఆపా.

"నీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళెందుకులే."

టీ వచ్చింది. ఆపా గ్లాసు పట్టుకుని ఊదుకుంటూ మొత్తం తాగింది. మామ భార్య వాకిలి పక్కనే నిలబడి ఆమెనే చూస్తాంది. నేను కాగితాన్ని చూస్తున్నాను. ఆపా గ్లాసు కింద పెట్టి, సంచీలోంచి రబ్బరు తీసి, మోకాలి మీద కాగితం పెట్టుకుని, ఆ పేరునూ చెప్పినాడు అన్న మాటనూ నిదానంగా చెరిపింది. పొడి ఊదేసింది. ఖాళీ అయిన చోట పెన్సిలుతో రాసింది: తెలిసింది.

ఆమె చేత్తో ఆ మాట రాయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

స్టేషన్ ఎదురుగా టీ అంగడి బల్ల మీద దాన్ని పెన్నుతో నీటుగా తిరగరాసినాను. లోపల కాగితాలు చూసే రైటరు సన్నటి మనిషి, అద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఉన్నాడు. మమ్మల్ని కూర్చోమన్నాడు. మొదటి కాగితం తీసి పక్కన పెట్టుకుని, కొత్తది పైకి చదివినాడు. చుక్క చుక్కకూ ఆగినాడు. మొదటి వాక్యం చివర వేలు పెట్టినాడు.

"తెలిసింది. ఎవురి ద్వారా తెలిసిందమ్మా?"

నేను ఆపాను చూసినాను. ఆమె గోడ మీది క్యాలెండరు చూస్తాంది.

"మొదటిదాంట్లో నువ్వే రాసినావు, మోటారు ఆపకుండా మీ అన్నే తీస్తాండాడని. ఇప్పుడు ఆపొద్దన్యారు అంటాండావు. అన్యప్పుడు ఇన్యోళ్ళు ఎవురో పేరు చెప్పు, పిలిపిస్తా. పేరు లేకుండా నేనేం చేసేది?"

గట్టిగా మాట్లాడలేదు. కసురుకోలేదు. మేము ఎంతసేపు ఉంటే అంతసేపు ఆగినాడు. తర్వాత ముద్ర కొట్టి, "ఫైల్లో పెడతాలే," అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన ఆపా, ఈ పక్కన నేను. ప్రొద్దుటూరు దగ్గరబడినాక ఆమె నా వైపు తిరిగింది.

"ఆ రైటరు బాగా చదువుతాడు," అనింది.

కొన్ని నెలలకు స్టేషన్ నుంచి ఇంటికి ఒక కాగితం వచ్చింది. మృతుడు మోటారు ఆపకుండా బురద తీస్తూ స్వీయ అజాగ్రత్త వలన చనిపోయినాడు, ఎవరి తప్పూ లేదు అని. 'ఆపకుండా బురద తీస్తూ' దాకా నా మాటలే. నాయన చదవమంటే చదివినాను. గొర్రెల దొడ్డి తడిక కట్టుకుంటూ విన్నాడు.

"వానికి ఆపే అలవాటు ఉండ్య. మన బోరు మోటారు గూడా వాడే గదా లేసిపోయి ఆపేది," అన్నాడు. తాడు ముడి వేసి ఇంకో చివరకు పోయినాడు.

ఆ తర్వాత కూడా ఆపా దగ్గరికి పోయినాను. మిగతావాళ్ళను ఎవురు అని అడుగుతూనే ఉండేది. నన్ను మాత్రం అడగడం మానేసింది. నా కాగితాల్లో తలకాయ లేని వాక్యం కనపడితే దాని కింద చుక్క పెట్టి వదిలేసేది. పెన్సిలు సరిగా ఆనిందా లేదా అన్నంత చిన్న చుక్క. నేను ఇంటికి పోయి దిద్దుకునేదాన్ని. ఒకరోజు మంచం మీద చీరలు మడత పెడుతుంటే నేనే అడిగినాను.

"ఆ పొద్దు పేరు ఎందుకు చెరిపినారు ఆపా?"

"ఆయన రేపు పనికి పోవాల కద." ఇంకో చీర మడిచింది. "అది తప్పు వాక్యమే. నీది తెలీక రాసిన తప్పు, నాది తెలిసి రాసిన తప్పు. రెండూ ఒకే ఫైల్లో ఉండాయి."

"నాకు ఏడుపు రాలేదాపా. ఇప్పటిదాకా."

ఆమె మడిచిన చీరలను రంగుల ప్రకారం పేర్చడం మొదలుపెట్టింది. నన్ను కూడా ఒక కట్ట పేర్చమని జరిపింది. పేర్చినాను. సాయంత్రం మగ్రిబ్ అజాన్ దాకా ఇద్దరమూ అదే పని చేసినాము.

పెద్ద పరీక్షలో వ్యాసం పేపరు బాగానే రాసినాను గానీ ఉద్యోగం రాలేదు. తర్వాత ఈ సచివాలయం ఉద్యోగం వచ్చింది. ఉత్తర్వు తీసుకుని స్వీట్లతో పోయినాను. ఆపా స్వీటు తినకముందే ఉత్తర్వు అడిగి తీసుకుని పైకి చదవడం మొదలుపెట్టింది. రెండో పేరాలో ఆగింది. చెయ్యి అలవాటుగా చెవి మీదికి పోయింది. పెన్సిలు తీసింది. కాసేపు పట్టుకుని మళ్ళీ చెవి మీద పెట్టుకుంది.

"దిద్దితే చెల్లకుండా పోతాదేమో," అనింది. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చి, "పనికి పోతాండావు. నీ దగ్గరికొచ్చేటోళ్ళకు రాయడం రాదు. వాళ్ళు చెప్పింది మొత్తం ఇన్యాక రాయి," అనింది. నాకు ఆమె ఇచ్చిన సలహా అదొక్కటే.

పులివెందులకు వచ్చినాక పండగలకు ఫోను చేసేదాన్ని. పోయిన రంజానుకు చేస్తే గొంతు బలహీనంగా ఉంది. "కొంచెం నలతగా ఉండాది," అనింది. ఏం నలత అని నేను అడిగి ఉండాల్సింది. ఆఫీసులో జనం ఉన్నారు. పెట్టేసినాను.

గ్రూపులో ఆ వార్త చూసిన నాలుగో రోజు ఆదివారం. పొద్దున బస్సుకు ప్రొద్దుటూరు పోయినాను. వాకిలి తెరిచే ఉంది. పికో మిషను మీద దుప్పటి కప్పి ఉంది. ఆపా భర్త మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన విప్పని సూట్‌కేసు, దాని పిడికి విమానం చీటీ ఇంకా వేలాడుతోంది. నేను ఎవరో చెప్పినాను. తెలుసు అన్నట్టు తల ఊపినాడు.

"నీ గురించి చెప్తాండె. జమ్మలమడుగు పాప," అన్నాడు.

ఆమె పోయింది మంగళవారం సాయంత్రం. పొద్దుగూకినా దీపం వెయ్యలేదని పక్కింటామె వచ్చి చూస్తే మంచం మీద ఉందట. మరుసటి రోజు మధ్యాహ్నం మట్టి ఇచ్చేసినారు. ఈయన వచ్చి దిగేసరికి గురువారం. గొంతులో క్యాన్సరని ఏడాదిగా ఆమెకు తెలుసునట. ఫోనులో ఈయనకు కూడా నలత అనే చెప్పిందట.

కాసేపటికి లోపలికి పోయి ఒక ఫారం తెచ్చినాడు. మరణ ధ్రువీకరణకు ఇచ్చేది. "నాకు తెలుగు మాట్లాడేదే వస్తాది. రాయడం రాదు. ఈ ఇంట్లో రాసే పని ఆమెది. నువ్వు రాయి బేటీ."

నేను రోజూ చేసే పనే. పెన్ను తీసి గడులన్నీ నింపినాను. ఫారంతో పాటు పెట్టే అర్జీ కూడా రాసి చదివి వినిపించినాను: "నా భార్య మంగళవారం సాయంత్రం మా ఇంట్లో చనిపోయింది."

"మా ఇంట్లో అంటే," అన్నాడు ఆయన, "నేను గూడా ఉన్యట్టు కాదా?"

"అట్ల అనుకోరు భాయ్. ఇంటి అడ్రసు కోసం రాసేది."

"నేను లేను. అది గూడా రాయి."

"అవసరం లేదు భాయ్. ఆఫీసులో ఎవరూ అడగరు."

"అడగరు," అన్నాడు. "నువ్వు రాయి."

ఫారంలో దానికి గడి లేదు. అర్జీలో ఆ వాక్యం పక్కనే కొంచెం చోటుంది. అక్కడ రాసినాను. "ఆ సమయంలో నేను కువైట్‌లో ఉన్నాను." చదవమన్నాడు. చదివినాను. మళ్ళీ చదవమన్నాడు. రెండోసారి చదువుతుంటే ఆయన పెదవులు నాతో పాటు కదిలినాయి.

"సరిగ్గా ఉండాదా?" అని అడిగినాడు.

"సరిగ్గా ఉంది," అన్నాను.

పెన్ను తీసుకుని, కుడి నుంచి ఎడమకు, ఉర్దూలో సంతకం పెట్టినాడు.